కాదనని కొట్టు

మా మేనమామ మల్లేశ్వరరావు తన కొట్లో కూర్చుని 'లేదు' అనగా విన్నవాళ్ళు విజయవాడ వన్ టౌన్ అంతా వెతికినా దొరకరు. ఆయన సొంత చెల్లెలి కూతుర్నే అయినా నా సంగతి పూర్తిగా వేరు. నా నోట్లోంచి మొదట ఊడిపడే మాట 'వద్దు'. పక్కింటివాళ్ళు పంపిన ప్రసాదం దగ్గర్నుంచి మా ఆడిటరు గారు ఆఫీసులో ఇవ్వబోయిన కొత్త కుర్చీ దాకా, దేనికైనా ముందు వద్దంటాను, తర్వాత ఆలోచిస్తాను. "ప్రత్యూషా, నీ చేత కొట్టు పెట్టిస్తే సాయంత్రానికి ఈగలు కూడా వాలవే" అనేవాడు మావయ్య, గొంతు ఉన్న రోజుల్లో.

ఆయనది శివాలయం వీధికి దగ్గర్లో టోకు బట్టల కొట్టు. మెట్లెక్కి లోపలికి వెళితే తెల్లటి దుప్పట్లు పరిచిన పరుపులు, గోడల నిండా నేత చీరల దొంతరలు, పంచెల చాపులు, మూలగా గల్లాపెట్టె, దాని వెనక మావయ్య. కంకిపాడు, చల్లపల్లి, ఉయ్యూరు వైపు చిన్న చిన్న బట్టల దుకాణాలవాళ్ళంతా అక్కడికి వచ్చి సరుకు తీసుకుంటారు.

మన ఇళ్ళల్లో బియ్యం అయిపోయాయనం, నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోయిందనం, కొండెక్కిందంటాం. మావయ్య ఆ మర్యాదను కొట్టు మొత్తానికీ పరిచేశాడు. అడిగిన రంగు లేకపోతే "దారిలో ఉందండీ, ఈలోగా ఇది చూడండి" అనేవాడు. చందాలకు వచ్చినవాళ్ళు, క్యాలెండర్లు అమ్మేవాళ్ళు, దారి తప్పి అడ్రసు అడిగేవాళ్ళు, ఎవరు మెట్టెక్కినా ముందు "రండి, కూర్చోండి". అందులోనూ బోణీ కాకముందైతే మరీను. ఆ వేళలో ఎవరినైనా పొమ్మంటే ఆయనకు ఆ పూటంతా అన్నం సయించేది కాదు.

ఇది వట్టి చాదస్తం అనుకునేదాన్ని. కానీ దీని వెనక ఒక మనిషి ఉన్నాడు. మావయ్య వాళ్ళది చల్లపల్లి పక్కన పల్లెటూరు, నేత కుటుంబం. మీసాలు కూడా సరిగా రాని వయసులో, తండ్రి నేసిన పంచెలు మూట కట్టుకుని, బస్సెక్కి మొదటిసారి వన్ టౌన్ వచ్చాడు. ఏ కొట్టు మెట్టెక్కినా "అక్కర్లేదు, పో" అన్నవాళ్ళే. పొద్దువాలే వేళకు వెంకటకృష్ణారావు గారనే పెద్దాయన కొట్టు ముందు నిలబడితే ఆయన మాత్రం "ఎండన పడి వచ్చావ్, కూర్చో అబ్బాయ్. ముందు మజ్జిగ తాగు, తర్వాత మూట విప్పు" అన్నాడట. ఆ రోజు కొన్నది ఒకే ఒక్క చాపు. అయినా ఆ కొట్లోనే మావయ్యకు పని దొరికింది, బేరం చేయడం వచ్చింది, చివరికి ఆ పక్కనే సొంత కొట్టు అమిరింది. "ఆయన కూడా పొమ్మంటే నేను తిరిగి మగ్గం గుంటలో దిగేవాణ్ణి. నా మెట్టెక్కినవాణ్ణి నేనెలా పొమ్మంటాను?" అని ఎన్నిసార్లు చెప్పాడో. ఆ పెద్దాయన ఫొటో ఇప్పటికీ గల్లాపెట్టె పైన దేవుళ్ళ పటాల వరసలోనే ఉంటుంది.

రెండేళ్ళ కిందట మావయ్య గొంతు బొంగురుపోయింది. రోజంతా మాట్లాడి మాట్లాడి అలసిందనుకున్నాం. తీరా చూస్తే గడ్డ. ప్రాణం నిలవాలంటే స్వరపేటిక తీసెయ్యాలన్నారు డాక్టర్లు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఊపిరికి మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు. దాని మీద కట్టుకోవడానికి వెంకటరావమ్మ అత్తయ్య పల్చటి మల్లు గుడ్డతో రుమాళ్ళు కుట్టి, వాటికి రంగు అంచులు కూడా వేసింది. "బట్టల వ్యాపారి మెడలో అంచు లేని గుడ్డ ఉంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు" అంది, కళ్ళు తుడుచుకుంటూనే.

మాటతో బతికిన మనిషి మాట లేకుండా గల్లా దగ్గర ఎలా కూర్చుంటాడు? ఈ ప్రశ్నకు జవాబు వెతికింది ఆయన కొడుకు హరిబాబు. మా బావ మంచివాడు. ఈ ముక్క ముందే చెప్పి ఉంచుతున్నాను, ఎందుకంటే కాసేపట్లో అతని మీద విసుక్కోబోతున్నాను. బావ ఒక పాత కంప్యూటర్ తెచ్చి, గల్లాపెట్టె పక్కన, తెర వచ్చినవాళ్ళకూ కనపడేలా అడ్డంగా పెట్టాడు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే ఏర్పాటు చేశాడు. బయటి ఊళ్ళవాళ్ళ వాట్సాప్ కబుర్లు కూడా ఆ తెర మీదే కనపడేలా పెట్టాడు. ఫోన్‌లో అక్షరాలు మావయ్యకు ఆనవు, వేలు ఒక చోట పెడితే ఇంకో చోట పడుతుంది. పెద్ద కీబోర్డు మీద మాత్రం ఒక్కో అక్షరం ఏరుకుని "రండి, కూర్చోండి" అని కొట్టడం నేర్చుకున్నాడు. ఆయన కొట్టే వాక్యం పూర్తయ్యేదాకా ఎవరూ కదిలేవాళ్ళు కాదు. ఇంట్లో మాత్రం పలకా బలపమే.

అలా కొన్నాళ్ళు బాగానే సాగింది. తర్వాత ఆ తెరకు ఏదో పట్టుకుంది. మావయ్య 'మా కొత్త' అని కొట్టేలోపు తెర మూలలోంచి ఒక పెట్టె తన్నుకొచ్చేది. దాని మీద ఇంకోటి. లాటరీ తగిలిందని ఒకటి, మోకాళ్ళ నొప్పులకు నూనె అని ఒకటి. ఉండుండి సైరన్ మోగి, ఒక ఇంగ్లీషు ఆడగొంతు మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, ఈ నంబరుకు వెంటనే ఫోన్ చేసి మాట్లాడండి అని కేకలు పెట్టేది. మాట్లాడమంటే మావయ్య ఎలా మాట్లాడతాడు? ఆ నంబర్లకు ఫోన్ చేసి మునిగినవాళ్ళు ఎంతమందో గాని, మావయ్యను మాత్రం పోయిన గొంతే కాపాడింది.

ఒకరోజు కంకిపాడు నుంచి మాణిక్యమ్మ గారు వచ్చారు. అక్కడ ఆవిడకు చిన్న చీరల దుకాణం ఉంది. ఎప్పట్నుంచో మావయ్య దగ్గరే సరుకు తీసుకుంటారు. ఆవిడ ఎదురుగా కూర్చుని ఉండగా, తెర నిండా ఆడవాళ్ళ ముందు చూడకూడని బొమ్మ ఒకటి విచ్చుకుంది. ఆవిడ చటుక్కున పమిట ముఖానికి అడ్డం పెట్టుకుని లేచి, చూసిన చీరలు చూసినట్టే వదిలేసి వెళ్ళిపోయారు. మావయ్యకు తల కొట్టేసినట్టైంది. క్షమించమని చెప్పడానికి గొంతు లేదు, కొట్టి చూపించడానికి తెరేమో ఆ బొమ్మ చేతిలో ఉంది.

ఆ సాయంత్రమే కొట్లో బావ అన్నాడట. "నాన్నా, శ్రావణ మాసం నుంచి గల్లా నేను చూసుకుంటా. నువ్వు ఇంటి దగ్గర హాయిగా ఉండు. సరేనా?"

మావయ్య తలూపాడు.

ఆ సంగతి నాకు అత్తయ్య ఫోన్ చేసి చెప్పింది. "సరేనన్నాడంటే ఇష్టమేగా అని హరి అంటున్నాడే. ఇష్టమైనవాడు అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడతాడా? నిజం చెప్పవయ్యా అని పలక చేతికిస్తే, 'కొట్లో ఒప్పుకున్న మాట' అని రాసి బోర్లించేశాడు. నువ్వొచ్చి ఆ కంప్యూటర్ సంగతేంటో చూడవే తల్లీ."

నాకు ముందు బావ మీద ఒళ్ళు మండింది. కొట్లో కూర్చోబెట్టి అడిగితే మావయ్య దేనికి కాదన్నాడని దీనికి కాదంటాడు? ఆ మాట బావతో అన్నాను. "నాకేమన్నా సరదానా ప్రత్యూషా? మనిషి అందరి ముందూ అట్లా సిగ్గుతో కుంచించుకుపోతుంటే చూళ్ళేక అన్నా" అన్నాడు. నా కోపం అక్కడితో సగం చచ్చింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళేముందు స్కూటీ అటు తిప్పాను. కంప్యూటర్ తెరిచి చూస్తే దాని గతి అర్థమైంది. బ్రౌజర్ నెత్తి మీద ఎవరో తెచ్చి తగిలించిన పట్టీలు, అడక్కుండా వచ్చి కూర్చున్న మొదటి పేజీ, కబుర్లు పంపడానికి అనుమతి పుచ్చుకున్న సైట్ల జాబితా చూస్తే కిందికి జరుపుతున్నకొద్దీ వస్తూనే ఉంది. దీన్ని కడిగి తోమేకంటే కొత్త బ్రౌజర్ పెట్టుకోవడం మేలనిపించింది. పైగా మా ఆఫీసులో నేను వాడేది ఫైర్‌ఫాక్స్. డబ్బు అడగదు, ఎవరైనా పెట్టుకోవచ్చు.

ఆ కంప్యూటర్‌లోనే వెతికి దింపుకుందామంటే ముందు కనపడేవన్నీ ప్రకటనలు, అందులో ఏది అసలో ఏది నకిలో పోల్చుకోలేం. అందుకని ఆఫీసులో దాని అసలు సైటు పేరు నా చేత్తో కొట్టి, అక్కడ్నుంచే దింపి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. మర్నాడు పొద్దున కొట్టు తీసేవేళకు మళ్ళీ అక్కడున్నాను. మావయ్య ముందు కీబోర్డుకు కాస్త పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, రాహుకాలం లేదని క్యాలెండర్‌లో చూసుకుని, అప్పుడు కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. కొత్త సరుకు దింపినప్పుడు చేసేవన్నీ చేశాడు. నేను నవ్వితే ఆయనా నవ్వాడు. ఆపరేషన్ తర్వాత ఆయన నవ్వుకు చప్పుడు ఉండదు, భుజాలు మాత్రం కదులుతాయి.

పెట్టడం ఎంతసేపో పట్టలేదు. ఈ ప్రోగ్రాం మార్పులు చెయ్యవచ్చా అని కంప్యూటర్ అడిగితే, మావయ్య నాకంటే ముందే మౌస్ లాక్కుని 'అవును' నొక్కాడు. ఆ పని ఆయనకు ఇష్టం కదా. పాత బ్రౌజర్‌లో దాచుకున్న పేజీలూ పాస్‌వర్డులూ తెచ్చుకోమంటావా అని కొత్తది అడిగింది, తెచ్చుకోమన్నాను. పాత అనుమతులు మాత్రం దాని వెంట రాలేదు, అదొక అదృష్టం. వాట్సాప్ పేజీని ఎప్పుడు తెరిచినా మొదట ఉండేలా గుచ్చిపెట్టాను. అక్షరాలు పెద్దవి చేశాను. పాత బ్రౌజర్ గుర్తు తెర మీద నుంచి తీసేసి, దానికి తగిలించుకున్న పనికిమాలిన ప్రోగ్రాములన్నీ ఊడబెరికాను. చివరగా మెనూలన్నీ తెలుగులోకి మార్చాను. 'అమరికలు', 'చరిత్ర', 'సహాయం' అని తెర మీద కనపడగానే మావయ్య ముందుకు వంగి ఒక్కో మాటా పెదవులతో చదువుకున్నాడు. అంతవరకూ ఆయన ఇంగ్లీషు మాటలు చదవకుండా నీలం రంగు బొత్తాం ఎక్కడుంటే అక్కడ నొక్కేవాడన్నమాట.

"చూడు మావయ్యా. ఇక నించి ఎవరన్నా అది ఇవ్వమంటావా, ఇది పంపమంటావా అనడిగితే 'నిరోధించు' నొక్కు. తెలుగులోనే ఉంటది" అని చెప్పి, ఆఫీసుకు ఆలస్యమైందని పరుగెత్తాను.

వారం తిరక్కుండా బావ ఫోన్. "మళ్ళీ మొదలైంది."

వెళ్ళి చూస్తే నిజమే. పాతంత ఘోరంగా లేదు గాని, మూలలో పెట్టెలు లేస్తున్నాయి. అనుమతుల జాబితా తెరిచాను. మావయ్య చూసిన ప్రతి పేజీకీ, వార్తలకీ, పంచాంగానికీ, పత్తి ధరలకీ అన్నిటికీ 'అనుమతించు' అనే ఉంది. నాకు కోపం నషాళానికి అంటింది. "చదవకుండా ఎందుకు నొక్కావ్ మావయ్యా?" అన్నాను. మాణిక్యమ్మ గారి సంగతి జరిగినప్పటి నుంచి ఆయన పలక కొట్టుకు కూడా తెచ్చుకుంటున్నాడు. అది తీసుకుని నింపాదిగా రాశాడు: 'చదివే నొక్కా. అనుమతించగలరా అని మర్యాదగా అడిగారు.'

అంటే నేను తెలుగు పెట్టి రోగం ముదరబెట్టానన్నమాట. ఇంగ్లీషులో అడిగితే అర్థంకాక ఒప్పుకునేవాడు, ఇప్పుడు అర్థమై మరీ ఒప్పుకుంటున్నాడు.

"ఏదీ, నా ముందు ఒకటి నిరోధించు చూద్దాం" అని ఒక పేజీ తెరిచాను. పెట్టె వచ్చింది. మౌస్ 'నిరోధించు' మీదికి తీసుకెళ్ళాడు. వేలు ఆగిపోయింది. వీధి వైపు చూశాడు. అప్పటికింకా బోణీ కాలేదు. మౌస్ వదిలేసి పలక మీద రాశాడు: 'గుమ్మంలోకి వచ్చినవాళ్ళను పొమ్మంటామా?'

"వాళ్ళు వచ్చినవాళ్ళు కాదు మావయ్యా, దొంగలు!"

'మెట్టెక్కారుగా' అని రాశాడు.

"అయితే ఇంట్లో కూర్చో! శ్రావణం వచ్చేస్తంది. బావ గల్లా దగ్గర కూర్చుంటాడు, నువ్వు ఇంట్లో పలక మీద 'రండి' అని రాసుకుంటా ఉండు!" అని అరిచేసి మెట్లు దిగి వచ్చేశాను. దిగుతూ ఒకసారి వెనక్కి చూస్తే, ఆయన మెడలోని రుమాలు సర్దుకుంటూ పైనున్న వెంకటకృష్ణారావు గారి ఫొటో వైపు చూస్తున్నాడు.

సమారంగం చౌక్ దగ్గర టీ తాగుతుంటే నా మాట నాకే గుచ్చుకుంది. ఆయనకు కొట్టు పెట్టిన నాటి నుంచి ఉన్న నడవడి అది. ఆకలితో మెట్టెక్కిన కుర్రాడికి ఎవరో మజ్జిగ ఇచ్చినందుకు, ఆ రుణం ఇన్నేళ్ళుగా తీరుస్తున్న మనిషిని నేను ఒక్క బొత్తాంతో మార్చాలనుకుంటున్నాను. మారాల్సింది ఆయన కాదేమో అనిపించింది. ఆయన కాదనలేడు, సరే. అసలు ఆయనదాకా ఎవరూ వచ్చి అడక్కుండా ఉంటే? నాకు తట్టినందుకు టీ అతనికి కూడా థాంక్స్ చెప్పాను. ఎందుకో తెలియక అతను తల గోక్కున్నాడు.

గ్లాసు పెట్టేసి వెనక్కి వెళ్ళాను. మావయ్య కోపంగా లేడు. నన్ను చూసి "రండి, కూర్చోండి" అని తెర మీద కొట్టాడు. అలిగి వెళ్ళినవాళ్ళకు కూడా అదే మర్యాద. నేను కూర్చుని ముందు అనుమతుల జాబితా మొత్తం చెరిపేశాను. వాట్సాప్ ఒక్కదానికి మాత్రం అనుమతి ఇచ్చాను, మన ఊళ్ళవాళ్ళ కబురు వస్తే చప్పుడు రావాలి కదా. తర్వాత అమరికల్లో గోప్యత, భద్రత అన్నచోటికి వెళ్ళి, అనుమతి అడిగే కొత్త సైట్లు అడగకముందే ఆపేయమని టిక్కు పెట్టాను. ప్రకటనలను ఆపే యాడ్-ఆన్ ఒకటి కూడా పెట్టాను, అదీ ఉచితమే. ఇంతాచేసి అది రెండు నిమిషాల పని. మొదటి రోజే చెయ్యాల్సింది.

"అయిపోయింది మావయ్యా. ఇక నువ్వు ఎవర్నీ పొమ్మనక్కర్లా. వాళ్ళు మెట్టే ఎక్కరు."

ఆయన అనుమానంగా పంచాంగం పేజీ తెరిచాడు. ఏమీ లేవలేదు. వార్తలు తెరిచాడు. ఏమీ లేవలేదు. పలక అందుకున్నాడు: 'మరి గుమ్మంలో నిలబడి వాళ్ళను ఆపేది ఎవరు?'

మంచి ప్రశ్న. ఈ ఫైర్‌ఫాక్స్ ఎక్కడెక్కడి మనుషులో కలిసి తయారుచేసిందని చెప్పాను. కొందరికి జీతాలు ఉన్నాయి, చాలామంది మాత్రం తీరిక దొరికినప్పుడు ఊరికే చేస్తారు, లోపల ఎలా అల్లారో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు అన్నాను. "నువ్వు చీర తిరగేసి వెనకవైపు నేత కూడా చూపించి అమ్ముతావే, అట్లాంటి సరుకు. ఈ తెలుగు మాటలు పెట్టినోళ్ళు కూడా మనలాంటోళ్ళే, పైసా తీసుకోకుండా కూర్చుని రాశారు."

ఆయన పలక తుడిచి చిన్నగా రాశాడు: 'మన మొహం కూడా చూడకుండానే!' దాని కింద ఇంకో వాక్యం: 'వాళ్ళకు బట్టలు పెట్టాలి.'

"ఏ ఊరని పంపుతావ్ మావయ్యా?" అని నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

శ్రావణ మాసం వచ్చింది. మొదటి శుక్రవారానికి ముందు రోజులు కావడంతో కొట్లో ఇసుక వేస్తే రాలనంత జనం. పండగ రద్దీ తగ్గేదాకా ఉండనిద్దామని బావ ఆ నాలుగు రోజులూ మావయ్యను గల్లా దగ్గరే కూర్చోనిచ్చాడు. నేను ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్ళాను. పొద్దున్నే, బోణీ కాకముందే, మాణిక్యమ్మ గారు మెట్లెక్కారు. ఆవిడ రావడమే ఎక్కువ. వచ్చి, తెరకు కాస్త పక్కగా, పమిట చెంగు చేతిలో సిద్ధంగా పట్టుకుని కూర్చున్నారు.

మావయ్య కీబోర్డు దగ్గరకు జరిగాడు. ఒక్కో అక్షరం ఏరుకుంటూ కొట్టాడు. 'మాణిక్యమ్మ గారూ, ఆ రోజు జరిగినదానికి మన్నించండి. మీరు మళ్ళీ వచ్చారు, అదే నాకు బోణీ.'

అంత పెద్ద వాక్యం ఆయన అంతకుముందు కొట్టలేదు. బావ, నేను, ఆవిడ ముగ్గురం తెర వంకే చూస్తున్నాం. ఒక్క పెట్టె కూడా లేవలేదు. ఒక్క కేక కూడా వినపడలేదు. మధ్యలో ఒకసారి టింగుమంటే ఆవిడ ఉలిక్కిపడ్డారు గాని, అది చల్లపల్లి నుంచి లక్ష్మీకాంత్ గారు పంపిన ఆర్డరు. ఆవిడ చదివి, చెంగు వదిలేసి, "అయ్యో, అంత మాటెందుకండీ. మీ మిషనుకు జబ్బు తగ్గింది, అంతే చాలు. ఆవపువ్వు రంగు చీరలు ఉన్నాయాండీ?" అన్నారు. ఉన్నాయి. లేకపోయినా దారిలో ఉండేవి.

మధ్యాహ్నం జనం పల్చబడ్డాక బావ చెవిలో చెప్పాను. "మావయ్యను ఇంకోసారి అడుగు."

"ఏమని? ఆయన సరేనన్నాడుగా."

"అందుకే. ఇప్పుడు మళ్ళీ అడుగు."

బావ వెళ్ళి తండ్రి పక్కన కూర్చున్నాడు. "నాన్నా, పండగైపోయాక వచ్చే సోమవారం నించి ఇంటి దగ్గర ఉంటావా? నీ ఇష్టం చెప్పు."

మావయ్య తల ఊపలేదు. ఎదురుగా నిశ్శబ్దంగా ఉన్న తెర వంక చూశాడు. పొద్దుటి నుంచి ఎందరిని వద్దని ఆపిందో దానికే తెలియాలి. అయినా బోణీ ఆగలేదు, మాణిక్యమ్మ గారు ఆగలేదు, ఏ లక్ష్మీ అలిగి మెట్లు దిగిపోలేదు. పరుపు మీది నుంచి లేచాడు. పలకా బలపం చంకన పెట్టుకున్నాడు. చెప్పులేసుకుని, గల్లా వదిలి, గుమ్మం దాటి మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

బావ ముఖం పాలిపోయింది. తండ్రి ఇప్పుడే ఇంటికి వెళ్ళిపోతున్నాడనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. ఇద్దరం వెనకే పరుగెత్తాం. మావయ్య వీధిలోకి దిగి, పక్కగా ఉన్న తోపుడు బండిని కూడా దాటి, తన కొట్టు హద్దు అయిపోయిందని రూఢి చేసుకుని ఆగాడు. అక్కడ ఎండలో నిలబడి పలక మీద పెద్ద అక్షరాలతో రాసి, కొడుకు వైపు తిప్పాడు.

'వద్దు. నేను ఇంట్లో ఉండను.'

బావ చదివాడు. మళ్ళీ చదివాడు. "మరి ఆ రోజు అడిగితే తలూపావుగా నాన్నా?"

మావయ్య మోచేత్తో తుడిచి రాశాడు: 'కొట్లో అడిగావు.'

బావ నడివీధిలో తండ్రి చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఆటోలు హారన్లు కొడుతున్నాయి, బండివాడు "జరగండి బాబూ" అంటున్నాడు, మేం ముగ్గురం జరగలేదు. తర్వాత బావే పలక అందుకుని, తండ్రి చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి, గల్లా వెనక పరుపు దులిపి కూర్చోబెట్టాడు.

ఇదంతా జరిగి చాలాకాలం కాలేదు. మావయ్య రోజూ కొట్టుకు వెళుతున్నాడు. ఇంట్లో అన్నం మామూలుగా తింటున్నాడని అత్తయ్య చెప్పింది. బావకు ఏదైనా అడగాలంటే ఇప్పుడు తండ్రిని మెట్లు దింపి వీధిలో అడుగుతాడు. ఒక్కోసారి వాళ్ళిద్దరూ ఎండలో నిలబడి పలక మీద వాదించుకుంటుంటే చుట్టుపక్కల కొట్లవాళ్ళు చోద్యం చూస్తారు.

పండగ వెళ్ళిన మర్నాడు మావయ్య నన్ను పిలిచాడు. వెండి పళ్ళెంలో తమలపాకులు, పసుపు, కుంకుమ, ఒక మంచి పంచెల చాపు, మాణిక్యమ్మ గారు ఏరుకోగా మిగిలిన ఆవపువ్వు రంగు చీర పెట్టి ఉన్నాయి. అలవాటు కొద్దీ నా నోరు తెరుచుకుంది. ఆయన చెయ్యెత్తి ఆపి తెర మీద కొట్టాడు: 'నీకు కాదు. వాళ్ళకు. ఏ ఊరో తెలీదన్నావు కదా. వాళ్ళ తరఫున చీర నువ్వు కట్టుకో. పంచెలు వాళ్ళలాంటి మనిషి ఎవరైనా కనపడితే ఇవ్వు.'

పంచెలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. ఎవరో తెలియని ఆ మనుషులందరికీ నేనూ లోపల దణ్ణం పెట్టుకున్నాను. మాకోసమని అనుకోకుండానే మా మావయ్య సీటు మా మావయ్యకు మిగిల్చారు.

మాణిక్యమ్మ గారి దుకాణంలో కంప్యూటర్ కూడా కేకలు పెడుతోందట. ఆవిడ మావయ్యను అడిగితే, మా అమ్మాయి వచ్చి బాగుచేస్తుందని నాతో ఒక మాటైనా అనకుండా ఒప్పేసుకున్నాడు. ఆయన కాదంటాడా? పెన్‌డ్రైవ్ సంచిలో వేసుకుని, ఆవపువ్వు రంగు చీర కట్టుకుని, మొన్న ఆదివారం కంకిపాడు బస్సెక్కాను. వెళ్ళగానే ఆవిడ "ఎండన పడొచ్చారు, ముందు మజ్జిగ తాగండి" అని గ్లాసు చేతికిచ్చారు.

నేను వద్దనలేదు.